ఇంటర్ పుస్తకం దాటిన లెక్కలు: జవాబుతో పాటు నిరూపణ కూడా

శేషం (బీఎస్సీ గణితం, బెంగళూరు)

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నవాళ్ల కోసం, పదో తరగతిలోనే గణిత ఒలింపియాడ్ మీద మనసుపడ్డవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. షరతు ఒక్కటే. జవాబు రాసి వెళ్లిపోకూడదు, ప్రతి మెట్టూ ఎందుకు నిలుస్తుందో రాయాలి.

ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితానివే. ఒక్కో ప్రశ్నకు దొరికేది నిమిషం పైచిలుకు. ఆ పరీక్షకు ఆ వేగం కావాల్సిందే, కాదనను. ఒలింపియాడ్ ఎంపికలో తొలి పరీక్ష అయిన ఐఓక్యూఎం కూడా ఓఎంఆర్ షీటు మీద జవాబు దిద్దడంతో ముగుస్తుంది. దాని తర్వాత వచ్చే ప్రాంతీయ పరీక్ష ఆర్‌ఎంఓలో మాత్రం మూడు గంటలకు ఆరే లెక్కలు. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో రోజుకు మూడు లెక్కలకు నాలుగున్నర గంటలు. అక్కడ మార్కులు వాదనకు. మన పిల్లలు చాలామంది సరిగ్గా ఈ మలుపు దగ్గరే ఆగిపోతున్నారు. తెలివి చాలక కాదు, వాదనను కాగితం మీద పెట్టడం వాళ్లకు ఎవరూ అలవాటు చేయలేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

తెలియని రాశులకు క, చ, ప, న అంటూ మన అక్షరాలే వాడదాం. భాస్కరాచార్యుడి బీజగణితంలోనూ యా, కా, నీ అనే అక్షరాలే ఆ పని చేశాయి.

మొదటి లెక్క. 1959లో రొమేనియాలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో మొదటి ప్రశ్న ఇది: న ఏ సహజ సంఖ్య అయినా (21న + 4)/(14న + 3) అనే భిన్నాన్ని ఇంకా సూక్ష్మీకరించలేమని నిరూపించండి.

కొలబద్ద (పదో తరగతి, రాజమహేంద్రవరం)

మా పాఠంలో ఉన్న యూక్లిడ్ భాగహార న్యాయంతోనే వస్తోంది అన్నా.

21న + 4 ను 14న + 3 తో భాగిస్తే భాగఫలం 1, శేషం 7న + 1.
14న + 3 ను 7న + 1 తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1.

శేషం 1 వచ్చింది కాబట్టి గ.సా.భా. 1. లవహారాలకు 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందుకే సూక్ష్మీకరించలేం.

త్రిజ్య (ఇంటర్ రెండో సంవత్సరం, వరంగల్)

ఒక్క వరుసలో కూడా రాయవచ్చు.

3(14న + 3) − 2(21న + 4) = 1

లవాన్నీ హారాన్నీ భాగించే ఏ సంఖ్య అయినా ఎడమవైపు మొత్తాన్ని భాగించాలి, అంటే 1ని భాగించాలి. అయిపోయింది.

సుద్దముక్క (విశ్రాంత గణిత అధ్యాపకుడు)

ఇద్దరివీ సరైనవే. అయితే త్రిజ్య నిరూపణ చదివిన పిల్లవాడు "ఆ 3, ఆ 2 ఎలా తట్టాయి?" అని బెంగపడతాడు. వాటి పుట్టుక కొలబద్ద భాగహారంలోనే ఉంది. వెనక్కి నడవండి: 1 = (14న + 3) − 2(7న + 1). ఇందులో 7న + 1 ఉన్నచోట (21న + 4) − (14న + 3) పెట్టండి. త్రిజ్య వరుస దానంతట అదే వస్తుంది. అది మెరుపులా తట్టాల్సిన అవసరం లేదు.

శేషం

మాస్టారి మాట గుర్తుపెట్టుకోండి. రెండో లెక్కకు కూడా గ.సా.భా. అవసరం పడుతుంది, అది ఎక్కడో మీరే చెప్పాలి.

1988, ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా, ఆరో ప్రశ్న. క, చ ధన పూర్ణాంకాలు. క² + చ² ను క·చ + 1 నిశ్శేషంగా భాగిస్తుంది. అయితే వచ్చే భాగఫలం పరిపూర్ణ వర్గమని నిరూపించండి.

ప్రశ్నపత్రం తయారుచేసిన సంఘంలోని వాళ్లకే లొంగని లెక్కగా దీనికి పేరుంది. పోటీలో పూర్తిగా సాధించినవాళ్లు 11 మంది. తర్వాత గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న వియత్నాం విద్యార్థి ఎన్గో బావో చౌ ఆ ఏడాది 42కు 42 తెచ్చుకున్నాడు. అదే పోటీలో పదమూడేళ్లకు స్వర్ణం గెలిచి, ఆ తర్వాత ఫీల్డ్స్ పతకమూ పొందిన టెరెన్స్ టావోకు ఈ ప్రశ్నలో వచ్చింది ఏడుకు ఒక్క మార్కే. అందుకని మొదటి రోజే లొంగలేదని ఎవరూ నిరుత్సాహపడొద్దు. ఇంకోమాట, దీన్ని సాధించడానికి వర్గ సమీకరణం మూలాల మొత్తం, మూలాల లబ్ధం తెలిస్తే చాలు.

లఘువు (ఇంటర్ మొదటి సంవత్సరం, నంద్యాల)

ముందు జతలు వెతికాను. భాగఫలాన్ని ప అంటున్నాను.

(1, 1) కి ప = 1
(2, 8) కి 68/17 = 4
(3, 27) కి 738/82 = 9
(8, 30) కి 964/241 = 4
(30, 112) కి 13444/3361 = 4
(27, 240) కి 58329/6481 = 9

చ = క³ అని పెడితే ఎప్పుడూ కుదురుతుంది: (క² + క⁶)/(క⁴ + 1) = క². (8, 30) లాంటివి ఆ కోవలోకి రావు. అయినా వర్గమే వస్తోంది.

కొలబద్ద

లఘువు అన్నా, నువ్వు రాసిన అన్ని జతల్లోనూ ప అనేది గ.సా.భా.కు వర్గమే! 30, 112 ల గ.సా.భా. 2, ప = 4. 27, 240 ల గ.సా.భా. 3, ప = 9. 8, 30 లకు కూడా అంతే.

సుద్దముక్క

చాలా మంచి చూపు, కొలబద్దా. పరిపూర్ణ వర్గం అని ప్రశ్న అడిగింది, దేని వర్గమో కూడా నువ్వు చెబుతున్నావు. అయితే ఆరు జతల్లో కనిపించింది ఏడో జతలో ఉంటుందన్న హామీ లేదు. న² + న + 41 లో న విలువ 0 నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 41 × 41 వస్తుంది. వరుసగా నలభైసార్లు నిజమైన మాట నలభై ఒకటోసారి తప్పింది. అందుకే కారణం కావాలి.

త్రిజ్య

శేషం గారు వర్గ సమీకరణం అన్నారు కదా, అటు నుంచి వెళ్లాను.

క² + చ² = ప(క·చ + 1). దీనిలో చ ను, ప ను కదలకుండా ఉంచి, క స్థానంలో య అనే చలరాశి పెడితే:

య² − (ప·చ)య + (చ² − ప) = 0

దీనికి క ఒక మూలం. రెండో మూలాన్ని త అందాం. మూలాల మొత్తం క + త = ప·చ. కాబట్టి త = ప·చ − క, ఇది తప్పనిసరిగా పూర్ణాంకం. మూలాల లబ్ధం క·త = చ² − ప.

క ≥ చ అయ్యేలా పేర్లు పెట్టుకుందాం. అప్పుడు త = (చ² − ప)/క, ఇది చ²/క కంటే తక్కువ. చ²/క అనేది చ ను మించదు. అంటే త < చ. ఒక జత నుంచి ఇంకా చిన్న జత పుట్టింది, భాగఫలం మాత్రం అదే ప. ఇక త రుణ సంఖ్య కాదని చూపాలి. దాని మీద పనిచేస్తున్నాను.

శేషం

సరైన దారి. ఒక్క సూచన: త ≤ −1 అనుకుని సమీకరణంలోకి తిరిగి పంపించు.

త్రిజ్య

వచ్చింది. త ≤ −1 అయితే −ప·చ·త అనేది ప·చ కంటే తక్కువ కాదు, అంటే ప కంటే తక్కువ కాదు. అప్పుడు

త² − ప·చ·త + చ² − ప ≥ త² + చ² > 0

కానీ త ఒక మూలం కాబట్టి ఎడమవైపు విలువ 0 కావాలి. పొసగదు. కాబట్టి త ≥ 0.

లఘువు

దీన్ని నా జతల మీద నడిపించి చూశాను. (112, 30), ప = 4. త = 4 × 30 − 112 = 8. జత (30, 8) అయింది. త = 4 × 8 − 30 = 2. జత (8, 2). త = 4 × 2 − 8 = 0. జత (2, 0). సున్నా వచ్చాక ఆగిపోయింది, ఎందుకంటే ఇంకా కిందికి దిగడానికి ధన సంఖ్య లేదు.

కొలబద్ద

ఇది యూక్లిడ్ భాగహారంలాగే ఉంది! అక్కడ కూడా శేషం సున్నా అయ్యేదాకా దిగుతాం, చివర మిగిలిందే గ.సా.భా. ఇక్కడ 2 మిగిలింది. త = ప·చ − క కాబట్టి క, చ రెండింటినీ భాగించేది త నూ భాగిస్తుంది. తిరిగి క = ప·చ − త కాబట్టి చ, త లను భాగించేది క నూ భాగిస్తుంది. అంటే ప్రతి మెట్టులోనూ గ.సా.భా. మారడం లేదు.

శేషం

అయితే చివరి మాట కూడా నువ్వే రాయి.

కొలబద్ద

ప్రతి మెట్టులో చిన్న సంఖ్య ఇంకా తగ్గుతుంది, సున్నా కంటే కిందికి పోదు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు సున్నాకు చేరాలి. అప్పటి జత (గ, 0). గ.సా.భా. మారలేదు కాబట్టి గ అనేది మొదటి జత గ.సా.భా.యే. భాగఫలమూ మారలేదు. అందువల్ల ప = (గ² + 0)/(0 + 1) = గ².

అంటే భాగఫలం ఎప్పుడూ క, చ ల గ.సా.భా.కు వర్గం.

సుద్దముక్క

నిండుగా ఉంది. పుస్తకాల్లో సాధారణంగా దీన్ని విరోధాభాసతో రాస్తారు: "ప వర్గం కాదనుకుందాం, మొత్తం అతి తక్కువైన జతను తీసుకుందాం, దానికంటే చిన్న జత దొరికింది, కాబట్టి విరోధం." అదీ చక్కని నిరూపణే. కానీ నాకు మీ ముగ్గురూ కలిసి అల్లిన ఈ రూపమే ఎక్కువ నచ్చింది. విరోధంతో ముగిస్తే వర్గం అని తెలుస్తుంది, దేని వర్గమో తెలియదు. మీరు మెట్లు దిగి వెళ్లి దాన్ని చేత్తో పట్టుకున్నారు. పదో తరగతి పాఠం మొదటి అధ్యాయంలో ఉన్న గ.సా.భా. 1959 ప్రశ్ననూ 1988 ప్రశ్ననూ రెండింటినీ కలిపింది చూడండి.

లఘువు

పైకి కూడా ఎక్కవచ్చు కదా మాస్టారూ? ప = 4 కు 0, 2, 8, 30, 112 అనే వరుసలో ప్రతి పదం = 4 × దాని ముందు పదం − అంతకుముందు పదం. తర్వాతిది 4 × 112 − 30 = 418, ఆపైన 1560. ఏ జత నుంచి దిగినా (2, 0) కే చేరాలి కాబట్టి ప = 4 ఇచ్చే జతలన్నీ ఈ వరుసలో పక్కపక్క పదాలే. ఇంకో జత ఉండదు.

శేషం

ఉండదు. ఈ మాట ప్రశ్న అడగలేదు, నువ్వే రాబట్టావు.

ఇదే పద్ధతికి ఇంకో లెక్క, నిరూపణ ఎవరో ఒకరే రాయండి. క, చ ధన పూర్ణాంకాలు. క² + చ² + 1 ను క·చ నిశ్శేషంగా భాగిస్తే భాగఫలం 3 తప్ప మరొకటి కాదని చూపండి.

త్రిజ్య

క > చ అనుకుందాం. ముందులాగే య² − (ప·చ)య + (చ² + 1) = 0. రెండో మూలం త = ప·చ − క, పూర్ణాంకం. క·త = చ² + 1 కాబట్టి త ధన సంఖ్యే, రుణ సంఖ్య సమస్య ఈసారి అసలు రాదు. క ≥ చ + 1 కాబట్టి త ≤ (చ² + 1)/(చ + 1). ఇది చ ను మించదు, ఎందుకంటే చ² + 1 ≤ చ² + చ. కనుక రెండు సంఖ్యల మొత్తం తగ్గుతుంది. ఇలా దిగుతూ పోతే రెండు సంఖ్యలూ సమానమైన జత దగ్గర ఆగాలి. అక్కడ (2చ² + 1)/చ² పూర్ణాంకం కావాలి, అంటే చ² అనేది 1ని భాగించాలి, చ = 1, ప = 3.

లఘువు

జతలు (1, 1), (1, 2), (2, 5), (5, 13), (13, 34). ముందు రెండింటి మొత్తమే తర్వాతిది అయ్యే ఫిబొనాచ్చి సంఖ్యల్లో (1, 1, 2, 3, 5, 8, 13, …) ఇవి ఒకటి విడిచి ఒకటి!

సుద్దముక్క

ఆ సంఖ్యలు మన ఛందస్సులో అంతకుముందే ఉన్నాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఎన్ని విధాలుగా నింపవచ్చు? అయిదు. అయిదు మాత్రలను ఎనిమిది విధాలుగా. చివరి అక్షరం లఘువా గురువా అని విడదీస్తే ముందు రెండు లెక్కల మొత్తమే తర్వాతి లెక్క అవుతుంది. ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, హేమచంద్రుడు దీన్ని చెప్పారు. ఇద్దరూ ఫిబొనాచ్చి 1202లో రాసిన గ్రంథం కంటే ముందువాళ్లే.

త్రిజ్య

ఇప్పుడు నా వంతు. మా తరగతిలో ఈ మధ్య దీని మీద వాదన జరిగింది. శ్రీనివాస రామానుజన్ 1911లో భారత గణిత సంఘం పత్రికలో ఇచ్చిన 289వ ప్రశ్న:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) విలువ ఎంత?

ఎవరూ పంపకపోవడంతో జవాబు ఆయనే ఇచ్చారు, 3 అని. దానికి మేం చదివిన వివరణ ఇది: 3 = √(1 + 2·4), 4 = √(1 + 3·5), 5 = √(1 + 4·6), ఇలా ఎంతదూరమైనా. ఒకదానిలో ఒకటి పెడుతూ పోతే ప్రశ్నలోని రూపం వస్తుంది. దీనితో నిరూపణ పూర్తయిందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం తృప్తి లేదు. కారణం చూడండి:

4 = √(1 + 2·(15/2))
15/2 = √(1 + 3·(221/12))

221/12 ను కూడా ఇలాగే 4 గుణకంతో రాయవచ్చు, ఎప్పటికీ ఆగక్కర్లేదు. ఒకదానిలో ఒకటి పెడితే అచ్చంగా అదే రూపం! అప్పుడు విలువ 4 అనాలా? అదే వాదన 3కూ 4కూ రెండింటికీ పనిచేస్తే అది దేనికీ నిరూపణ కాదు.

కొలబద్ద

అక్కా, క్యాలిక్యులేటర్‌లో చూశాను. ఒక్కో గుణకం దగ్గర ఆపేస్తూ పోతే 1.732, 2.236, 2.560, 2.755 వస్తున్నాయి. 3 వైపే వెళ్తున్నట్టుంది.

సుద్దముక్క

త్రిజ్యా, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఈ అభ్యంతరం ఒక విద్యార్థి నోట వినాలని ఎంతో కోరుకున్నాను. చుక్కలు పెట్టి వదిలేసినదానికి మొదట అర్థం చెప్పాలి. కొలబద్ద చేసినట్టు న అనే గుణకం దగ్గర ఆపేసి, √(1 + న) తో ముగించి, ఆ విలువను వ(న) అనండి. వ(2) = √3, వ(3) = √5. న పెరుగుతున్నకొద్దీ వ(న) చేరే అవధినే మన ప్రశ్న విలువ అనాలి. ఇప్పుడు ఆ అవధి 3 అని చూపండి.

శేషం

ఒక చిన్న అసమానత చాలు. గ ≥ 1 అయితే √(1 + క·గ·చ) ≤ √గ × √(1 + క·చ). రెండువైపులా వర్గం చేస్తే 1 + క·గ·చ ≤ గ + క·గ·చ, ఇది గ ≥ 1 కాబట్టి నిజం. అంటే లోపలున్న గుణకం గ బయటికి వచ్చేటప్పుడు దాని వర్గమూలం కంటే ఎక్కువ ప్రభావం చూపదు. మిగతాది త్రిజ్య రాయాలి, ప్రశ్న తనది.

త్రిజ్య

రాస్తున్నాను. 3 ను న గుణకం దాకా విప్పితే చివర √(1 + న·(న + 2)) ఉంటుంది. వ(న) లో అదే చోట √(1 + న·1) ఉంటుంది. తేడా ఆ (న + 2) ఒక్కటే. 1 కంటే అది పెద్దది కాబట్టి వ(న) < 3.

ఇక రెండోవైపు. గ = న + 2 ను బయటికి లాగుదాం. గుణకాలు 2 నుంచి న వరకు, కాబట్టి అది దాటాల్సిన వర్గమూలాలు న − 1. ఒక్కో వర్గమూలం దాటినప్పుడల్లా దాని ఘాతం సగమవుతుంది. అందువల్ల

3 ≤ వ(న) × (న + 2) కు 1/2^(న−1) ఘాతం

న పెరిగేకొద్దీ న + 2 నెమ్మదిగా పెరుగుతుంది, 2^(న−1) మాత్రం రెట్టింపు అవుతూ పోతుంది. కాబట్టి ఆ ఘాత విలువ 1కి చేరుతుంది. వ(న) ఒకవైపు 3కి లోపల, ఇంకోవైపు 3కి ఎంత దగ్గరైనా. అవధి 3.

లఘువు

మరి 4 తో ఎందుకు కుదరలేదో కూడా ఇందులోనే తెలుస్తోంది! 3 ను విప్పితే లోపల మిగిలేవి 4, 5, 6, 7, 8. త్రిజ్య అక్క 4 ను విప్పినప్పుడు మిగిలేవి లెక్కగట్టాను: 7.5, తర్వాత సుమారు 18.4, 84.5, ఆ తర్వాతది 1400 దాటింది, దాని తర్వాతది మూడు లక్షలు దాటింది. ప్రతిసారీ దాదాపు వర్గమైపోతోంది. వర్గమూలాలు ఎంత అణచినా ఆ పెరుగుదల అణగడం లేదు, కాబట్టి ఆ ఘాత విలువ 1కి రాదు.

శేషం

అదే అసలు కారణం. ఇలాంటి అంతులేని వర్గమూలాలు ఎప్పుడు అభిసరిస్తాయో, అంటే ఒక స్థిరమైన విలువకు చేరతాయో, భారతీయ గణితవేత్త టి. విజయరాఘవన్ ఇచ్చిన నియమం కూడా దీని మీదే నిలబడింది: లోపలి సంఖ్యల సంవర్గమానం 2^న తో పోలిస్తే హద్దు దాటకూడదు.

కొలబద్ద

న = 10 పెట్టి చూశాను. 12 కు 1/512 ఘాతం సుమారు 1.0049. అంటే పది గుణకం దగ్గర ఆపినా విలువ 2.985 కంటే తక్కువ ఉండదు, 3 దాటదు. సంవర్గమానాలు మాకు ఈ ఏడాదే చెప్పారు, విజయరాఘవన్ నియమం నిరూపణ కూడా ఇక్కడే రాస్తారా అన్నా?

శేషం

రాస్తాను. ముందు ఒక్కటి సాధించి ఉంచు: √(2 + √(2 + √(2 + …))) ను ఎక్కడ ఆపినా 2 దాటదని గణితానుగమనంతో చూపించు. అక్కడి నుంచి మొదలుపెడదాం.